పసుపు ముక్కు తెల్లకొంగ

మ్యూజియంలో ఆమె అసలు పేరు తెలిసింది జీతాల గుమాస్తా ఒక్కడికే. మిగతా అందరికీ ఆవిడ దూదమ్మ. ముప్ఫై ఏడేళ్ళుగా చచ్చిన పక్షుల కడుపులో దూది కూరుతున్న మనిషిని ఇంకేమని పిలుస్తారు చెప్పండి? అంతకుముందు అదే బల్ల దగ్గర వాళ్ళ నాన్న పనిచేశాడు. ఆయన్ని సూదయ్య అనేవాళ్ళు. సూదయ్య కూతురు దూదమ్మ, ఇంకో కూతురుంటే దారమ్మ అయ్యుండేదని క్యాంటీన్‌లో ఎవడో నోరు జారాడు. అన్నవాడికి ఆవిడ నెల రోజులపాటు చుక్కలు చూపించింది. కోపం ముక్కు మీదే ఉంటుంది ఆవిడకి.

ఆవిడ గది నేల కింద. కిటికీ ఉంది గానీ సగం భూమిలో ఉంటుంది. అందులోంచి లోకాన్ని చూస్తే చెప్పులు, బూట్లు, సైకిల్ చక్రాలు తప్ప ఏమీ కనపడవు. ఓ పొడుగాటి బల్ల, రంపపు పొట్టు నింపిన డబ్బా, లావువీ సన్నవీ తీగచుట్టలు, సొరుగుల్లో సైజుల వారీగా గాజు కళ్ళు. కొత్తగా వచ్చిన ప్యూను ఎవడైనా ఆ సొరుగు పొరపాటున లాగితే, వంద కళ్ళు ఒక్కసారిగా తనకేసి చూసేసరికి కెవ్వుమంటాడు. "కళ్ళే కదరా, కొరుకుతాయా?" అని వెనకనించి అరుస్తుంది. మందుల వాసన ఒంటికి పట్టేసి ఎంత సబ్బు రుద్దినా పోదు. బస్సులో ఆవిడ పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే. "నాకేం నష్టం, సంచీ పెట్టుకుంటా" అంటుంది. ఆ వాసన వల్లే పెళ్ళి కాలేదని చుట్టాలు చెప్పుకుంటారు. అదేం కాదు, వచ్చిన ఇద్దర్నీ ఆవిడే వద్దంది. ఒకడు "ఈ పని మానేస్తావా?" అని అడిగాడు. రెండోవాడు అడగను కూడా అడగలేదు, "ఎలాగూ మానేస్తావుగా" అన్నాడు.

పని ఏమిటంటే, పిట్ట చర్మాన్ని ఈకలతో సహా ఒలిచి, మందు పూసి, లోపల తీగతో గూడు కట్టి, దూది కూరి, కుట్టి, బతికున్నప్పుడు ఎలా నిలబడేదో అలా నిలబెట్టడం. ఈకల రంగు ఎన్నేళ్ళయినా ఉంటుంది. ముక్కు, కాళ్ళు మాత్రం నాలుగు రోజుల్లో రంగు చచ్చిపోయి ఎండు పుల్లల్లా అయిపోతాయి. అందుకని పిట్ట బల్ల మీదకి రాగానే మొట్టమొదట చేసే పని, ముక్కు ఏ రంగు, కాళ్ళు ఏ రంగు, వేళ్ళు ఏ రంగు అని ఓ చీటీ మీద రాసి కాలికి కట్టడం. దాన్ని రంగు చీటీ అంటారు. అన్నీ అయ్యాక ఆ చీటీ చూసి కుంచెతో రంగు వేస్తారు. చీటీలో ఏముంటే అది వెయ్యాలి, కంటికి ఇంపుగా ఉందని ఇంకోటి వెయ్యకూడదు.

ఇక కొంగలు. మామూలు జనానికి తెల్లగా ఉన్న ప్రతి కొంగా ఒకటే కొంగ. దూదమ్మ ముందు ఆ మాట అనకండి, ఒంటికాలి మీద లేస్తుంది. "చిన్న తెల్లకొంగకి ముక్కు నలుపు, కాళ్ళు నలుపు, వేళ్ళు మాత్రం పసుపు. పసుపు మేజోళ్ళు తొడుక్కుని బురదలో దిగినట్టుంటుంది. దానికంటే కాస్త ఎత్తుగా ఉండేది మధ్యకొంగ. దానికి ముక్కు పసుపు, వేళ్ళు నలుపు. గుడ్లు పెట్టే కాలంలో దాని ముక్కు కూడా నల్లబడుతుంది" అని మొదలుపెట్టి, వినేవాడు గడియారం చూసుకునేదాకా ఆపదు. ఈ తెల్లకొంగల గుంపంతటికీ తేడాలు ముక్కుల్లోనూ కాళ్ళలోనూ ఎక్కువ. చచ్చాక పోయేవి కూడా సరిగ్గా ఆ రంగులే. కాబట్టి పై అంతస్తులో అద్దాల పెట్టెలో నిలబడ్డది ఏ కొంగ అనేది, నిజం చెప్పాలంటే, కింది గదిలో కుంచె పట్టుకున్న మనిషి చేతిలో ఉంటుంది.

ఆ కుంచె దూదమ్మ చేతికి వచ్చిన మొదటి నెలలోనే కొంప మునిగింది.

అప్పటికి ఆవిడకి ఇరవై ఒకటి. తండ్రి కింద సహాయకురాలిగా ఆరు నెలలు చూసి, పని నచ్చితే ఖాయం చేస్తామన్నారు. గాలివానకి చచ్చిన రెండు కొంగలు వచ్చాయి, ఒకటి చిన్నది, ఒకటి మధ్యది. సూదయ్యకి అప్పటికే కళ్ళలో పొర మొదలైంది. కాళ్ళూ వేళ్ళూ ఆయనే వేసి, కళ్ళు మండుతున్నాయని కుంచె కింద పెట్టేశాడు. "ముక్కులు నువ్వు వెయ్యమ్మా. చీటీ చూసి వెయ్యి" అన్నాడు. అంతకుముందు ఈకలు కడిగేటప్పుడు చీటీలు తడుస్తాయని ఈ పిల్ల వాటిని విప్పి గోడ మేకులకి తగిలించింది. ఏ కొంగ చీటీ దాని ఎదురుగా ఉన్న మేకుకి. అంతా బాగానే ఉంది గానీ, ఈకలు ఆరబెట్టాక కొంగల్ని తిరిగి బల్ల మీద పెట్టేటప్పుడు కుడిది ఎడమకీ ఎడమది కుడికీ పెట్టింది. అంతే, ఇంకేం చెయ్యలేదు. చిన్నకొంగ ముక్కుకి పసుపు, మధ్యకొంగ ముక్కుకి నలుపు వేసింది. చాలా శ్రద్ధగా, నాలుక బయట పెట్టి మరీ వేసింది.

వేసి ఒక అడుగు వెనక్కి వేసి చూసుకుంది. పసుపు వేళ్ళున్న కొంగకి పసుపు ముక్కు! గుడ్డ కోసం చెయ్యి చాపింది. సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని పెద్దసారు దిగాడు. పెద్దసారంటే పక్షుల విభాగానికంతటికీ అధికారి, రెండు పుస్తకాలు రాసినవాడు. కింది గదికి ఏడాదికోసారి వస్తే ఎక్కువ. ఆ రోజే రావాలా!

మధ్యకొంగ ముక్కు నల్లగా ఉంటే గుడ్ల కాలమనుకుంటారు, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఆయన చూపు చిన్నదాని మీదే పడింది. "ఇదెక్కడిది?" అన్నాడు. గొంతు మారిపోయింది. "పసుపు ముక్కు, నల్ల కాళ్ళు, పసుపు వేళ్ళు! ఇది సముద్రాల అవతల ఏవో నాలుగు దీవుల్లో గూడు కట్టే కొంగ. మన గడ్డ మీద ఇప్పటిదాకా ఒక్కడు కూడా చూసిన పాపాన పోలేదు!"

సూదయ్య కుళాయి దగ్గర నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. కొంగని చూశాడు, గోడ మేకులు చూశాడు, కూతుర్ని చూశాడు. "సార్, రంగు ఇంకా ఆరలేదు, ముట్టుకోకండి" అన్నాడు. ఇంకేం అనలేదు. ఆ పిల్ల నోరు తెరిచింది, నీళ్ళు నమిలింది, మూసేసింది.

రేపు చెబుదామనుకుంది. మర్నాడు పొద్దున వచ్చేసరికి మేకుకి చిన్నకొంగ చీటీ లేదు. ఊడ్చేవాళ్ళు ఊడ్చేశారేమో అనుకుంది. ఎల్లుండి చెబుదామనుకుంది, ఎల్లుండికి పేపరు వాళ్ళొచ్చి ఫొటోలు తీశారు. నెల తిరిగేసరికి ఆ కొంగ మ్యూజియం టికెట్టు మీద బొమ్మయి కూర్చుంది. పెద్దసారు దాని మీద వ్యాసం రాశాడు, పతకం పుచ్చుకున్నాడు, విమానం ఎక్కి ఏవో సభలకి వెళ్ళొచ్చాడు. ఫొటో తీసినప్పుడల్లా ఆ అద్దాల పెట్టె ముందు చేతులు కట్టుకుని, కళ్ళు అరమోడ్చి, వినయంగా నిలబడేవాడు. కొంగ జపం కొంగ ముందే!

మన దూదమ్మకి ఉద్యోగం ఖాయమైంది. నాన్నకి కళ్ళలో పొరలు కదా, ఆయనకి ముక్కు రంగు కనపడి ఉండదు అని తనకి తానే చెప్పుకుంది. మేకుల వైపు చూసిన ఆ చూపు గుర్తొచ్చినప్పుడల్లా, అబ్బే, చూపు ఆననివాళ్ళు అలా ఎటో చూస్తారులే అనుకునేది. పదకొండేళ్ళకి సూదయ్య పోయాడు. నాన్నకి తెలియదు అన్న ఆ ఒక్క మాటా తలకింద దిండు చేసుకుని ఆవిడ ముప్ఫై ఏడేళ్ళు నిద్రపోయింది.

ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతుందనగా కళ్ళజోడు వచ్చి చేరింది. చదువుకుని డాక్టరేటు పుచ్చుకున్న కుర్రపిల్ల, ముఖంలో సగం కళ్ళజోడే, అందుకని ఆ పేరు. మంచి పిల్ల. కింది గదికి వచ్చి బల్ల మీద మోచేతులు ఆనించి పని చూసేది, "అమ్మా, ఈ కుట్టు ఎలా వేశారు?" అని అడిగేది. ఆ పిల్ల కొంగలన్నింటినీ ఒక్కొక్కటే కొలవడం మొదలుపెట్టింది. పసుపు ముక్కు కొంగ దగ్గరికి వచ్చేసరికి లెక్క కుదరలేదు. తల వెనక రెండే పొడుగు ఈకలున్నాయి, ఆ దీవుల కొంగకి కుచ్చులా ఉండాలట. ఓ ఈక పీకి పరీక్షకి పంపింది. వట్టి చిన్నకొంగ అని తేలింది.

గురువారం పొద్దున్న దూదమ్మని పిలిచి, ఆ అద్దాల పెట్టె తుడిచి పెట్టమన్నారు. సోమవారం కొత్త బోర్డు పెడతారట. బోర్డు మాటలు అచ్చు వేసిన కాగితం పెట్టె మీదే ఉంది. తుడుస్తూ చదివింది. "ఈ పక్షి అరుదైన జాతిది కాదు. అప్పటి తయారీదారు దీని ముక్కుకి కావాలని పసుపు రంగు వేసి, రంగు చీటీని మాయం చేసి, శాస్త్రవేత్తలను మోసగించాడు." కింద తయారీదారు పేరు. సూదయ్య కాదు, అసలు పేరు, ఇంటి పేరుతో సహా.

గుడ్డ చేతిలోనే ఉండిపోయింది. నాన్న చేతి మీదుగా ఎన్ని వందల పిట్టలు లేచి నిలబడ్డాయి! ఒక్క ఈక తలకిందులైతే కుట్టంతా విప్పి మళ్ళీ కుట్టేవాడు. ఆయనా మోసగాడు? రేపు బడి పిల్లలు వరసలో నిలబడి పైకి చదువుతారు. ఇంట్లో ఎనభై రెండేళ్ళ అమ్మ ఉంది, ఎవరో ఒకరు ఆవిడ చెవిన వేస్తారు. ఆ బోర్డు సోమవారం అక్కడికి ఎక్కకూడదు. ఇంక ఆవిడకి వేరే ఆలోచన లేదు.

మెట్లు రెండేసి ఎక్కుతూ కళ్ళజోడు గదికి పోయింది. "ఆ రంగు వేసింది మా నాన్న కాదు తల్లీ, నేను. మోసమూ కాదు, గాడిద గుడ్డూ కాదు. చీటీలు తారుమారయ్యాయి" అని మొత్తం చెప్పేసింది. ముప్ఫై ఏడేళ్ళు నోట్లోంచి రాని మాట మూడు నిమిషాల్లో అయిపోయింది.

ఆ పిల్ల కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నేను నమ్ముతానమ్మా. కానీ కొంగ నిలబడ్డ పీట కింద ఆయన గుర్తే ఉంది. చీటీలు అతికించి ఉంచే పుస్తకంలో ఈ కొంగది ఒక్కటే లేదు. పొరపాటైతే చీటీ ఎందుకు పోతుంది? చీటీ ఒక్కటి దొరికితే నేనే ఆ బోర్డు ఆపిస్తాను."

చీటీ ఎవరు తీశారు? ఆ రోజు గదిలో ఉన్నది ముగ్గురు. ఒకరు పోయారు, ఒకరు తను.

పెద్దసారుకి ఎనభై తొమ్మిది. ఆయనింటి ముందుగదిలో గోడంతా పతకాలు. కాళ్ళ మీద దుప్పటి కప్పుకుని కుర్చీలో ఉన్నాడు, మాట మాత్రం కత్తిలా ఉంది. కూర్చోమనలేదు.

"చీటీ ఏమైంది సార్?" అంది దూదమ్మ, నమస్కారం కూడా పెట్టకుండా.

ఆయన నవ్వాడు. దాచుకోవడానికి కూడా ఓపిక లేని నవ్వు. "మీ నాన్నే తెచ్చిచ్చాడు. మర్నాడు పొద్దున్నే, నేను కుర్చీలో కూర్చోకముందే. ముక్కు నలుపు అని ఆయన చేతిరాత. పిల్ల పొరపాటు సార్, రంగు తుడిచేస్తాను అన్నాడు."

దూదమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. "నాన్నకి తెలుసా?"

"గుడ్డివాడనుకున్నావా ఏమిటి? నీకంటే ముందే చూశాడు."

"మరి మీరేమన్నారు?"

"ముందురోజు సాయంత్రమే పై ఆఫీసుకి కబురు పంపేశాను. ఇంకేమంటాను? చీటీ జేబులో పెట్టుకున్నాను. నీ ఉద్యోగం ఖాయం చేసే కాగితం నా బల్ల మీదే ఉందని గుర్తుచేశాను. అంతే. బెదిరించలేదు." అంతా నిమ్మకు నీరెత్తినట్టు చెప్పాడు. "ఆ చీటీ ఆ రోజే చింపేశాను. వెళ్ళి ఎక్కడ చెప్పుకుంటావో చెప్పుకో. నేను కాదంటాను. ఈ వయసులో నన్ను దబాయించేవాడెవడు?"

"ఇన్నాళ్ళకి మా నాన్న మీద పడింది సార్. మీ నోటితో ఒక్క మాట అనండి. పొరపాటు అనండి చాలు, నా పేరే చెప్పండి. మీ పేరు నేను ఎత్తను."

"పొరపాటంటే, అది నాకు తెలియలేదని అర్థం. మూడు రూపాయల రంగుకి నేను బోల్తా పడ్డానని నవ్వుతారు. మోసమంటే ఎవడైనా బోల్తా పడతాడు. మోసమే నయం నాకు."

బతిమాలడానికి వచ్చిన మనిషి ఇంక బతిమాలలేదు. "మీరు పోయాక మీలో కూరడానికి దూది కూడా దండగ సార్" అని లేచొచ్చేసింది. లేచి రావడమేమిటి, అసలు కూర్చుంటేగా!

శుక్రవారం డైరెక్టరు గదిలో విచారణలాంటిది పెట్టించింది. పెట్టించింది అంటే, పొద్దున తొమ్మిదికే వెళ్ళి గుమ్మంలో నిలబడి, విననిదే కదలనని భీష్మించింది. డైరెక్టరు, కళ్ళజోడు, పక్కన టైపు చేసే సూపరింటెండెంటు. దూదమ్మ మొదట్నించీ చెప్పింది. మేకులు, కుడిది ఎడమకి పెట్టడం, నాలుక బయట పెట్టి రంగు వెయ్యడం, పెద్దసారు జేబు, చింపిన చీటీ, ఏదీ వదల్లేదు. కావాలంటే ఆ రెండో కొంగ ముక్కు గీకి చూడమంది. "మధ్యకొంగ ముక్కు మీద నల్లరంగు వేసింది కూడా నేనే. ఎంత ఎండినా కింద పసుపు జాడ ఉంటుంది, నలుపు ఉండదు. మోసం చేసేవాడు ఒక కొంగకి వేస్తాడు గానీ, పక్కన ఎవరూ చూడని కొంగకి కూడా ఎందుకు వేస్తాడు సార్?"

కళ్ళజోడు చటుక్కున తలెత్తింది. ఆ మాటలో పస ఉంది, ఆ పిల్లకి తెలిసింది. "సార్, గీకి చూద్దాం. పది నిమిషాల పని" అంది.

డైరెక్టరు కిటికీ వైపు చూశాడు. మనిషి చెడ్డవాడు కాదు, ఆ రకం మనుషులతోనే వచ్చిన చిక్కు. "చూస్తే ఏమవుతుంది? పెద్దసారుకి తెలిసి దాచారని రాయాల్సొస్తుంది. పై అంతస్తు హాలు ఆయన పేరు మీద ఉంది. ఆయన బతికే ఉన్నారు. అమ్మా, మీ నాన్నగారు పోయి ఇరవై ఆరేళ్ళయింది. ఇప్పుడాయనకి కొత్తగా వచ్చేదేముంది, పోయేదేముంది?"

"పేరు సార్."

"మీరు ఇంకో నాలుగు నెలల్లో దిగిపోతారు. ఈ గొడవలో మీ పేరు రాస్తే పెన్షను ఆగుతుంది. మీ మంచి కోరే చెబుతున్నాను."

"ఆపితే ఆపండి. రాయండి నా పేరు. రాయండి సార్!" ఆవిడ బల్ల మీద అరచేత్తో కొట్టింది. టైపు చేసేవాడు ఉలిక్కిపడి, మళ్ళీ తల దించి ఏదో కొట్టాడు. తర్వాత ఆ కాగితం కళ్ళజోడు దొంగచాటుగా చూపించింది. దాని మీద ఇలా ఉంది: "సదరు ఉద్యోగిని వయసు రీత్యా, తండ్రి పట్ల మమకారం రీత్యా తప్పును తన మీద వేసుకోవడానికి ప్రయత్నించారు. ఆమె భావాలను కమిటీ గౌరవిస్తోంది."

గౌరవిస్తోందట! తిట్టినా బాగుండేది. ముప్ఫై ఏడేళ్ళ అబద్ధాన్ని అందరూ కళ్ళకద్దుకున్నారు, ఒక్క నిజం చెబితే ముసలిదాని చాదస్తం అని పక్కన పడేశారు. కళ్ళజోడు ఏడ్చింది. ఆ పిల్ల ఉద్యోగం కూడా ఇంకా ఖాయం కాలేదు. పరీక్షాకాలమే, ఆరు నెలలు. దూదమ్మ ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు నోరెత్తకు తల్లీ" అంది. అనేశాక ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపించింది.

రెండో కొంగ ముక్కు ఎవరూ గీకలేదు. సోమవారం పది గంటలకి బోర్డు ఎక్కింది.

ఆ సాయంత్రానికే పక్కవాటా ఆవిడ అమ్మకి చెప్పేసింది. అమ్మ మర్నాడు పొద్దున చీర మార్చుకుని, చెప్పులు తొడుక్కుని, గుమ్మంలో నిలబడింది. "నన్ను తీసుకెళ్ళు. చూస్తాను" అంది. దూదమ్మ ఎంత వద్దన్నా వినలేదు. కూతురి కోపం ఎక్కడినించి వచ్చిందనుకున్నారు?

అమ్మ అద్దాల పెట్టె ముందు నిలబడి, సంచీలోంచి భూతద్దం తీసి, బోర్డు అక్షరం అక్షరం చదివింది. ఓ ఇద్దరు కాలేజీ పిల్లలు వెనకనించి చదివి నవ్వుకుంటూ పోయారు. అమ్మ భూతద్దం మడిచి లోపల పెట్టుకుని, ఎదురుగా ఉన్న బల్ల మీద కూర్చుంది. చాలాసేపు కొంగ వైపే చూసింది.

"నువ్వు వేసిందే కదూ ఇది?" అంది.

దూదమ్మ పక్కన కూర్చుంది. "నీకెలా తెలుసు?" అంది.

"ఆ రాత్రే చెప్పాడు మీ నాన్న. అన్నం కూడా తినలేదు."

"మరి నన్నెందుకు అడగలేదమ్మా? ఎవరూ నన్ను ఒక్క మాట అడగలేదే!"

"అడుగుతానన్నాను. వద్దన్నాడు. అదే చెబుతుంది చూడు, నా కూతురు అన్నాడు. నాతో ఒక్క మాట అంటే చాలు, ఇంకెవరికీ చెప్పక్కర్లేదు, నాతో అంటే చాలు అన్నాడు. రేపు చెబుతుంది, చెయ్యి తిరిగింది కాదుగా, భయపడి ఉంటుంది, రేపు చెబుతుంది అని." అమ్మ గొంతులో కోపం లేదు, అదే కూతురికి భరించరానిదైంది. "పదకొండేళ్ళు చూశాడు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర. సాయంత్రం వచ్చి చెప్పులు విప్పుతుంటే నేను మొహం చూసేదాన్ని. లేదన్నట్టు తలూపేవాడు. తర్వాత తర్వాత నేనే చూడ్డం మానేశాను."

"నాన్నకి తెలియదనుకున్నానమ్మా. ఒట్టు. కళ్ళు కనపడవు కదా అనుకున్నాను."

"అనుకున్నావు" అంది అమ్మ. చీర కొంగు ఒళ్ళో సర్దుకుంది. "ఆస్పత్రిలో ఆఖరి రోజు గుర్తుందా? నన్ను బయటికి పొమ్మన్నాడు. నర్సుని కూడా పంపించేశాడు. నువ్వొక్కదానివే ఉండాలన్నాడు."

గుర్తుంది. ఆయాసపడుతూ, తలగడ మీద తల ఇటు తిప్పి, తనకేసే చూస్తూ పడుకున్నాడు నాన్న. నొప్పేమో అనుకుంది తను. దుప్పటి సర్దింది.

"అరగంట ఉన్నావు లోపల. తలుపు అవతల నేను నిలబడే ఉన్నాను. నువ్వు బయటికి వచ్చాక నేను వెళ్ళి చూస్తే, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఇంక ఇటు తిరగలేదు." అమ్మ మొదటిసారి కూతురి మొహంలోకి చూసింది. "అంతసేపూ ఏం మాట్లాడావే ఆయనతో?"

దూదమ్మ అద్దంలోకి చూసింది. అబద్ధం చెప్పడానికి కూడా ఏమీ మిగల్లేదు.

"లిఫ్టు పాడైందని, నాలుగంతస్తులు మెట్లెక్కి వచ్చానని చెప్పానమ్మా."